కదిలితేనే కంటికి మేలు

పెళ్లనో, కాలేజీ అనో కళ్లజోడు పక్కనపెట్టి కాంటాక్ట్ లెన్సులు కొనుక్కోవాలనుకుంటారు చాలామంది. జోడు చీటీ షాపులో చూపిస్తే చాలనుకుంటారు. చాలదు!

జోడు కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. లెన్సు కంటిమీదే కూర్చుంటుంది. అందుకే జోడులో మైనస్ 6 వాడేవారికి లెన్సులో దాదాపు మైనస్ 5.5 సరిపోతుంది.

పవరొక్కటే కాదు, కొలత కూడా కుదరాలి. నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియా. దాని వంపును కెరటోమీటరుతో కొలుస్తారు. కన్నీటి తడి సరిపోతుందో లేదో చూస్తారు. తర్వాత మెత్తటి లెన్సు పెట్టి, కాసేపు ఆగి, రెప్ప వేయమంటారు. రెప్ప వేసినప్పుడు లెన్సు కొద్దిగా కదిలి మళ్లీ మధ్యకు రావాలి. మరీ జారితే వదులు. అసలు కదలకపోతే బిగుతు.

చిత్రమేమిటంటే... బిగుతు లెన్సు మొదట్లో హాయిగానే ఉంటుంది! కానీ దాని కిందికి కొత్త కన్నీరు సరిగా చేరదు. గంటలు గడిచేకొద్దీ కన్ను ఎర్రబడొచ్చు. కార్నియాకు రక్తనాళాలుండవు. మెలకువగా ఉన్నప్పుడు దానికి ప్రాణవాయువు ప్రధానంగా గాలి నుంచే అందాలి. 1999 నుంచి అందుబాటులోకి వచ్చిన సిలికాన్ హైడ్రోజెల్ లెన్సుల గుండా అది బాగా అందుతుంది.

లెన్సును కుళాయి నీళ్లతో మాత్రం కడగొద్దు. అందులో ఉండే అకాంథమీబా అనే సూక్ష్మజీవి చూపునే పోగొట్టొచ్చు. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే వెంటనే లెన్సు తీసేసి, కంటి డాక్టరును కలవాలి.