పావుకిలో మాంసం ఇంటిల్లిపాదికీ ఎలా సరిపోతుంది?

అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ వాన వరికి చాలదు, రాగికి చాలు. అందుకే ఇక్కడి పళ్లెంలో రాగి సంగటి ముద్ద, పక్కన పులుసు. మాంసం పావుకిలోనే ఉంటే పులుసులో వంకాయ, టమాటా కూడా పడతాయి. ఇది లేమిని కప్పిపుచ్చే ఎత్తుగడ అనుకుంటే పొరపాటే. టమాటాలో గ్లూటమేట్, మాంసంలో ఇనోసినేట్ అనే రుచినిచ్చే పదార్థాలు ఉంటాయి. రెండూ కలిస్తే రుచి రెండింతలతో ఆగదు, అంతకు మించి పెరుగుతుంది. ఇటలీవాళ్లు పాస్తాకు చేసుకునే మాంసం సాస్‌లో పడే టమాటా కూడా ఇందుకే పనికొస్తుంది.

కూరగాయలతో పులుసు నీళ్లనీళ్లగా అవదా? ముందే వేస్తే అవుతుంది. వంకాయలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే మరి! గిన్నెలో తడి ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మాంసం ముక్కలకు ఎర్రని రంగూ కమ్మని వాసనా రావు. అందుకని మాంసాన్ని మొదట నూనెలో బాగా వేయించి, తర్వాత నీళ్లు పోసి ఉడికించి, వంకాయను చివర్లో వేయాలి. వేయించి దంచిన చెనక్కాయ విత్తనాలు గుప్పెడు కలిపితే పులుసు చిక్కబడుతుంది. మాంసం తగ్గితే బలమూ తగ్గదా అంటే, మాంసకృత్తులు కొంత తగ్గే మాట నిజమే. ఆ లోటును చెనక్కాయలు కొంత పూడుస్తాయి. పైగా రాగిలోని ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. పక్కన నాలుగు మాంసం ముక్కలుంటే అది మెరుగ్గా ఒంటపడుతుంది.