ఆమె మాట న్యాయస్థానమునకు చేరు దారి

మన కళాశాల తరగతి గదిలో ఉర్దూ, తెలుగు ఒకే బల్లపై కూర్చుండును. ఇంటిలో అమ్మీతో ఉర్దూ, బజారులో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు. ఒక భాష నుండి మరియొక భాషలోనికి మనము తెలియకయే దాటిపోవుచుందుము. ఈ దాటుట ఎంత బరువైన పనియో తెలిసివచ్చు చోటు ఒకటి కలదు. అది న్యాయస్థానము. ఇంటిలో దెబ్బలు తిని రక్షణ కోరి వచ్చిన స్త్రీ అక్కడ నిలుచున్నప్పుడు, ఆమె నోటి మాట ఒక భాషలో బయలుదేరి మరియొక భాషలో కాగితము నెక్కును. దారిలో ఒక్క మాట చెడినను ఆమె తలదాచుకొను ఇల్లే దక్కకపోవచ్చును. ఆ మాటను చెడకుండ చేర్చు రెండు భాషల న్యాయవాది పని యెట్టిదో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

గృహహింస నుండి మహిళల రక్షణ చట్టము 2005లో ఆమోదము పొంది, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. ఇది అన్ని మతముల స్త్రీలకును వర్తించును. భార్యకు మాత్రమే గాక, ఒకే కప్పు క్రింద బంధుత్వముతో నివసించు తల్లి, చెల్లెలు, కుమార్తె, వదిన మొదలైన వారికిని ఇది అండగా నిలుచును. కొట్టుట మాత్రమే హింస కాదు. లైంగిక హింస, తిట్లు, అవమానములు, బెదిరింపులు, తిండికిని మందులకును డబ్బు ఈయకుండుట, ఆమె నగలను, జీతమును లాగికొనుట – ఇవన్నియు హింసలోనికే వచ్చును. అత్త, ఆడపడుచుల వంటి స్త్రీలపై కూడ అర్జీ పెట్టవచ్చునని 2016లో సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడినది.

12వ సెక్షను క్రింద మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టవలెను. దానిని బాధితురాలే పెట్టవచ్చును. ఆమె పక్షమున రక్షణాధికారి గాని, మరియొకరు గాని పెట్టవచ్చును. రక్షణాధికారి తయారుచేయు గృహ సంఘటన నివేదిక అందినచో మేజిస్ట్రేటు దానిని పరిశీలించవలెను. అయితే ఆ నివేదిక లేనంత మాత్రమున ఉత్తర్వు ఆగనక్కరలేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. అర్జీ అందిన 3 దినములలో మొదటి వాయిదా వేయుట, ఆ తరువాత 60 దినములలో ముగించుటకు యత్నించుట చట్టము ఏర్పరచిన గడువులు. ఆచరణలో ఇవి తరచుగా దాటిపోవుచుండును.

మేజిస్ట్రేటు ఇచ్చు ఉత్తర్వులు పలు విధములు. హింస చేయరాదు, ఆమె పనిచేయు చోటికి పోరాదు, ఫోనులో గాని మరియొకరి ద్వారా గాని వేధించరాదు అనునది రక్షణ ఉత్తర్వు. ఆమెను ఇల్లు వెడలగొట్టరాదు అనునది నివాస ఉత్తర్వు. ఇవి గాక ఖర్చులు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారము కూడ కోరవచ్చును. ప్రమాదము దగ్గరలోనున్నచో, ఎదుటి పక్షమును వినకముందే, ఆమె ప్రమాణపత్రము ఆధారముగా 23వ సెక్షను క్రింద తాత్కాలిక ఉత్తర్వు ఇయ్యవచ్చును. ఇక్కడనే భాష ప్రాణమగుచున్నది. ఎదుటివారు లేరు, సాక్షులు ఇంకను రాలేదు, మేజిస్ట్రేటు ముందున్నది ఆ ప్రమాణపత్రములోని మాటలే.

ఒకే మాట, రెండు అర్థములు

ఉత్తర సర్కారులు ఐదింటిలో ఏలూరు ఒకటి. పాలకుల కచేరీల నుండి వచ్చిన పారసీ, అరబ్బీ మాటలు మన కోర్టు తెలుగులో నేటికిని నిలిచియున్నవి. వకీలు, వకాలతు, దావా, ఫిర్యాదు, హాజరు, జామీను, రాజీ, ముద్దాయి – ఇవి ఉర్దూ ఇంటి బిడ్డకు క్రొత్త కావు. కావుననే పని సులభమని తోచును. కాని అపాయము పొంచియున్నది ఇక్కడనే.

ఉర్దూలో ‘ముద్దయీ’ అనగా దావా వేసినవారు. తెలుగులో ‘ముద్దాయి’ అనగా నేరము మోపబడినవారు. ఉర్దూ మాత్రమే తెలిసిన స్త్రీని “ముద్దాయి ఎవరమ్మా?” అని అడిగినచో, ఆమె “మైఁ హూఁ”, అనగా నేనే అని చెప్పుట సహజము. ఉర్దూలో ‘రాజీ’ అనగా ఇష్టము, సమ్మతి. తెలుగులో రాజీ అనగా తగవు విడిచి సర్దుకొనుట. “సాక్ష్యము చెప్పెదవా?” అన్నందుకు “రాజీ హూఁ” అన్న ఇల్లాలి మాటను, రాజీకి ఒప్పుకొన్నట్లు వ్రాసికొన్నచో ఆమె పోరాటము అక్కడనే ముగియును. ‘ఫర్యాద్’ అనగా ఉర్దూలో మొర, ఆక్రోశము. తెలుగులో ఫిర్యాదు అనగా సంతకము పెట్టి ఇచ్చు కాగితము. “బహుత్ ఫర్యాద్ కీ” అన్న ఆమె పోలీసు స్టేషనుకు పలుమార్లు పోయినదని వ్రాసినచో, రేపు ఎదుటి వకీలు “ఆ కాగితములు ఏవి?” అని అడుగును, ఆమె అబద్ధమాడినట్లు కనిపించును.

నుడికారముల చిక్కు మరియొకటి. “హాథ్ ఉఠాయా” అన్న మాటను “చేయి ఎత్తినాడు” అని మార్చినచో, ఎత్తి ఊరకున్నాడని తోచును. అసలు అర్థము కొట్టినాడని. దానికి సరియైన తెలుగు “చేయి చేసుకొన్నాడు”. ‘తకలీఫ్’ అనునది మరింత చిక్కైన మాట. కుటుంబ మర్యాదను కాపాడదలచిన స్త్రీ నోట ఆ ఒక్క మాటలో చెంపదెబ్బ మొదలు చెప్పరాని హింస వరకు అన్నియు ఇమిడియుండును. దానిని “ఇబ్బంది” అని వ్రాసి పోయినచో కోర్టుకు ఏమియు తెలియదు. అట్లని న్యాయవాది తన ఊహతో పూరించరాదు. మెల్లగా, ఒంటరిగా కూర్చుండబెట్టి, “ఆ తకలీఫ్ ఏ విధమైనదో నీ మాటలలోనే చెప్పుము” అని అడుగవలెను.

తేదీల విషయము ఇంకను జాగ్రత్త కోరును. ఉర్దూలో ‘కల్’ నిన్నయు కావచ్చును, రేపును కావచ్చును. ‘పర్సోఁ’ మొన్నయు కావచ్చును, ఎల్లుండియు కావచ్చును. క్రియను వినకుండ మాటను మాత్రమే పట్టుకొన్నచో, జరుగబోవు బెదిరింపు జరిగిపోయిన దెబ్బగా మారిపోవును. కావున అనుభవమున్న వకీలు తేదీని ఊరక అడుగడు. “జుమ్మా నమాజుకు ముందా, తరువాతా? రంజాను ఏ వారములో? పిల్లవాని బడి పరీక్షలప్పుడా?” అని ఆమె జీవితములోని గుర్తులను పట్టి తేదీని తేల్చును.

దుబాసీ వేరు, వకీలు వేరు

ఒక మాట స్పష్టముగా గ్రహింపవలెను. దుబాసీ ఎవరి పక్షమును వహింపడు. విన్నది విన్నట్లు చెప్పును. వకీలు కక్షిదారు పక్షమున వాదించును. క్రిమినలు కోర్టులో సాక్ష్యమును అనువదించువారు యథార్థమైన అనువాదమే చెప్పవలెనని శాసనము. 1969 నాటి ప్రమాణముల చట్టము దుబాసీచే కూడ ప్రమాణము చేయించుచున్నది. సాక్షి తెలిసిన భాష వేరై, సాక్ష్యము వేరొక భాషలో వ్రాయబడినచో, వ్రాసినదానిని సాక్షికి అర్థమగు భాషలో వినిపించవలెనని కూడ విధి కలదు. ఇవి పాత క్రిమినలు ప్రొసీజరు కోడులో నుండినవి. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోను కొనసాగుచున్నవి. కావున రెండు భాషలు తెలిసిన వకీలు తన గదిలో ఆమె మాట వినునప్పుడు దుబాసీ వలె నిష్కర్షగా వినవలెను. కోర్టులో ఆమె సాక్ష్యము చెప్పునప్పుడు వేరొక దుబాసీని కోరవలెను. వ్రాసినది తిరిగి ఉర్దూలో వినిపించవలెనని పట్టుబట్టవలెను. ఆమె కన్నీటికి తన అలంకారములు చేర్చుట సహాయము కాదు. అడ్డు ప్రశ్నలలో ఆ అలంకారము నిలువదు; దానితో పాటు నిజము కూడ కూలును.

బంధువులను దుబాసీలుగా పెట్టుట మన ఊళ్ళలో సామాన్యము. మరిది గాని, పదేళ్ళ కూతురు గాని ప్రక్కన నిలిచి తెలుగులో చెప్పుదురు. మరిది మాట ఎటు మొగ్గునో వేరుగా చెప్పనక్కరలేదు. కూతురి యెదుట ఏ తల్లియు పూర్తిగా చెప్పజాలదు. ఆ పసి మనస్సుపై ఆ బరువు మోపుట కూడ ఒక హింసయే. న్యాయవాదికి చెప్పిన మాట రహస్యముగా నుండవలెనను నియమము ఆయన దుబాసీకిని, గుమాస్తాకును వర్తించునని సాక్ష్య చట్టమే చెప్పుచున్నది. “ఈ గదిలోని మాట గడప దాటదు” అని మొదటనే ఉర్దూలో చెప్పిన తరువాత అనేకులు నోరు విప్పుదురు.

గూడెము, కొల్లేరు – దూరము కూడ ఒక భాషయే

రెండు భాషలనగా ఉర్దూ, తెలుగులు మాత్రమే యని తలంపరాదు. కొల్లేటి లంకల నుండి వచ్చిన తెలుగు స్త్రీకి కోర్టు తెలుగు అర్థము కాదు. కోర్టు ఇంగ్లీషు అసలే కాదు. “నాలుగు తగిలించాడండి” అని ఆమె అన్నచో నాలుగు దెబ్బలని లెక్క కాదు, కొట్టినాడని మాత్రమే. దానిని ఇంగ్లీషున నాలుగు సార్లని వ్రాసి, తరువాత ఆమె “రెండు మూడు” అన్నప్పుడు మాట మార్చినదని దోషము పట్టుట న్యాయము కాదు. ఆమె ఇంటి భాష నుండి కోర్టు భాషకు మాటను దాటించుట కూడ దుబాసీ పనియే.

ఇక దూరము సంగతి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినవి. ఏలూరు కేంద్రముగా ఏలూరు జిల్లా ఏర్పడినది. తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రమైన పశ్చిమ గోదావరిలో నిలిచినది. కృష్ణా జిల్లాలో నుండిన కైకలూరు, మండవల్లి ప్రాంతము ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. కొల్లేటి కావలి యొడ్డుననున్న ఆకివీడు పశ్చిమ గోదావరి వైపున నున్నది. చేపల చెరువులపై పనికి పోయిన కుటుంబమునకు ఈ హద్దులు తెలియవు. “నా జిల్లా ఏది?” అను ప్రశ్నతోనే అనేక దినములు గడచిపోవును. 27వ సెక్షను ఇక్కడ ఉపకరించును. బాధితురాలు శాశ్వతముగా గాని తాత్కాలికముగా గాని నివసించు చోట, ఆమె పనిచేయు చోట, ఎదుటివాడు నివసించు చోట, హింస జరిగిన చోట – వీనిలో ఎక్కడనైనను అర్జీ పెట్టవచ్చును. తమ్మిలేరు, బుడమేరు పొంగిన దినములలో లంక దాటి వచ్చి గూడెములోని పుట్టింట తలదాచుకొన్న స్త్రీ, మరల ఆ నీటిని దాటి అత్తవారి ఊరి కోర్టుకే పోనక్కరలేదు.

ఖర్చు గూర్చి భయము వలదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీకిని ఉచిత న్యాయసహాయము కలదు. 15100 నంబరుకు ఫోను చేసి దానిని కోరవచ్చును. మహిళల సహాయమునకు 181, తక్షణ ప్రమాదమున 112 నంబర్లు కలవు.

తలాఖ్ తరువాత?

ముస్లిం స్త్రీలు తరచుగా అడుగు ప్రశ్న ఇది: “తలాఖ్ అయిపోయినది గదా, ఇంకను హక్కు ఉన్నదా?” వివాహము ముగిసినంత మాత్రమున అంతకు ముందు జరిగిన హింసకు బాధ్యత తప్పదని 2014లో సుప్రీంకోర్టు ఒక ముస్లిం దంపతుల కేసులోనే చెప్పినది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి క్రిమినలు ప్రొసీజరు కోడు 125వ సెక్షను క్రింద కూడ మనోవర్తి హక్కు కలదని, తెలంగాణ నుండి వచ్చిన కేసులో 2024 జూలై 10న ఆ న్యాయస్థానమే తీర్పిచ్చినది. మెహర్, జహేజ్ అను మాటలు తెలిసిన స్త్రీకి చట్టములోని ‘స్త్రీధనము’ అను మాట తెలియకపోవచ్చును. ‘స్త్రీధనము గాని, ఆమెకు చెందవలసిన ఇతర ఆస్తి గాని’ తిరిగి ఇప్పించవచ్చునని 19వ సెక్షనులో నున్నది. “నీ జహేజ్ సామానుల పట్టిక చెప్పుము” అని ఉర్దూలో అడిగిననాడే ఆమెకు తన హక్కు కనబడును.

పెద్దలు కూర్చుండి సర్దిచెప్పుట మన ఇండ్లలో గౌరవముగల ఆచారమే. కాని ప్రాణభయమున్న ఇంటికి సబ్రు చెప్పి తిరిగి పంపుట సర్దుబాటు కాదు. పెద్దలు చట్టమునకు అడ్డు కాకుండ, ఆమె వెంట నడచి రావలసినవారు.

కాగితము చేతికి వచ్చిన తరువాత

ఉత్తర్వు ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. పోలీసు స్టేషనుకు కూడ పంపవలెను. ఆమె దానిని చదువలేనిచో ప్రతి షరతును ఆమె భాషలో వివరించుట న్యాయవాది చివరి కర్తవ్యము. రక్షణ ఉత్తర్వును మీరినచో ఒక సంవత్సరము వరకు జైలు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. ఏ పని మీరుటయో ఆమెకు తెలియనిచో ఆ శిక్ష పుస్తకములోనే నిలిచిపోవును. “అతడు నీ తమ్ముని ఫోను ద్వారా కబురు పంపినను మీరినట్లే” అని చెప్పినప్పుడే ఆ కాగితము గోడ వలె నిలుచును.

ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టము చేసినది. ఆ గౌరవము బోర్డులపై అక్షరములతో ముగియరాదు. రెండు భాషలు తెలిసిన విద్యార్థినీ విద్యార్థులు మన కళాశాలలోనే ఉన్నారు. న్యాయసేవాధికార సంస్థ పారా లీగల్ వాలంటీర్లకు శిక్షణ ఇచ్చుచున్నది. కళాశాల కమిటీవారు ప్రతి సంవత్సరము కొందరిని ఆ శిక్షణకు పంపినను, పైన చెప్పినట్టి మాటలను చేర్చి ఉర్దూ–తెలుగు కోర్టు పదకోశమును విద్యార్థులచే తయారు చేయించినను, అది ఏ బహుమతి ప్రదానోత్సవము కంటెను మిన్న. రేపు ఒక పొరుగింటి ఆపా మీ తలుపు తట్టి, “బేటా, నా వెంట కచేరీకి రా, నాకు తెలుగు రాదు” అని అడుగవచ్చును. అప్పుడు మీరు ఆమె మాటకు మీ మాట చేర్చక, ఆమె మాటలో ఒక్కటియు జారవిడువక, ఆమె చెప్పినదే చెప్పగలిగిన చాలును. మన రెండు భాషల చదువునకు అంతకన్న ఫలమేమి కావలెను?