అటక మీది గిటారు

తీగలతో మోగే వాద్యాలను మన పూర్వులు తత వాద్యాలు అన్నారు. వీణ, సితారు, తంబురా ఈ కోవలోనివే. స్పెయిన్ దేశంలో ఇప్పటి రూపు దిద్దుకొని లోకమంతా వ్యాపించిన గిటారు కూడా వీటికి దూరపు చుట్టమే. ఈనాడు చంద్రపూర్ పక్కనున్న పద్మాపూర్ వంటి బొగ్గుగనుల ఊరిలో, ఏ ఇంటి అటక మీదనో ఒక పాత గిటారు కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. అన్నయ్యో, బాబాయో కాలేజీలో చదివే రోజుల్లో కొన్నదై ఉంటుంది. చవక రకం. రెండు తీగలు తెగి ఉంటాయి, ఒక బిరడ తిరగదు, పెట్టె నిండా దుమ్ము. దాన్ని పాతసామాన్ల వాడికి వేయాలా, బాగుచేసి వాయించాలా? జవాబు చెప్పాలంటే ముందు గిటారు ఎలా మోగుతుందో తెలియాలి.

తీగ చాలా సన్నది. అది ఒంటరిగా కంపిస్తే గాలిలో కదలిక అంతంత మాత్రమే. తీగ కంపనాన్ని బ్రిడ్జి అనే చిన్న కొయ్యముక్క పెట్టె పైపలకకు అందిస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే ఆ పలక విశాలంగా కంపించి గాలిని కదిలిస్తుంది. మనకు వినబడే నాదంలో ఎక్కువ పాలు దానిదే. స్పెయిన్‌కు చెందిన అంటోనియో డి టోర్రెస్ అనే పనివాడు ఈ సంగతి రుజువు చేయడానికి 1862లో ఒక వింత గిటారు తయారుచేశాడు. పైపలకను మంచి కొయ్యతో చేసి, పక్కలను, వీపును అట్టతో చేశాడు! అది చక్కగానే మోగింది. కాబట్టి పాత గిటారు వీపు మీద గీతలున్నా, రంగు వెలిసినా దిగులు పడనక్కరలేదు. చూడవలసినది పైపలక. కొందరు ఉత్సాహవంతులు పాత గిటారు దొరకగానే దట్టంగా రంగు పూస్తారు. పలుచని పలక మీద మందపు రంగు పడితే కంపనం మందగిస్తుంది. అందం కోసం గొంతు నొక్కడమంటే ఇదే.

ఇక గిటారుకు పట్టే జబ్బులు. ఆరు ఉక్కు తీగలను శ్రుతి చేస్తే అవన్నీ కలిసి లాగే బలం సుమారు డెబ్బై కిలోల బరువుకు సమానం. ఇంత బరువును ఆ పలుచని పెట్టె, సన్నని మెడ రాత్రింబగళ్ళు మోస్తూ ఉంటాయి. దానికి తోడు మన వాతావరణం ఒకటి. చంద్రపూర్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. అప్పుడు కొయ్య తేమ కోల్పోయి ముడుచుకుంటుంది. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే జిగురు వదులుతుంది, బ్రిడ్జి వెనుక అంచు లేస్తుంది, మెడ ముందుకు వంగుతుంది.

మెడ వంగితే తీగలు మెట్ల నుంచి దూరమవుతాయి. నేర్చుకొనేవారికి అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. పన్నెండవ మెట్టు దగ్గర మెట్టుకూ తీగకూ నడుమ ఎడం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయిగా వాయించవచ్చు. నాలుగు దాటితే వేళ్ళు పుండ్లవుతాయి. అంతేకాదు, ఎత్తులో ఉన్న తీగను కిందికి నొక్కేటప్పుడు అది సాగి, స్వరం హెచ్చుతుంది. శ్రుతి సరిగా చేసినా పాట అపశ్రుతిగానే వినిపిస్తుంది. అటువంటి గిటారు చేతికిచ్చి నేర్చుకోమంటే ఏ పిల్లవాడైనా నెల తిరక్కుండా మానేస్తాడు. తనకు సంగీతం రాదని కూడా నమ్మేస్తాడు. వాడికి రాకపోవడానికి కారణం ఆ రెండు మిల్లీమీటర్లని చెప్పేవారు ఉండరు.

మెడ వంపును కనిపెట్టడానికి పరికరం అక్కరలేదు. ఒక తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ పెట్టెను కలిసే చోటా ఒకేసారి నొక్కి పట్టండి. లాగిన తీగ సరళరేఖ కదా! ఆరేడు మెట్ల దగ్గర తీగ కింద ఒక మందపు కాగితం పట్టేంత సందుంటే మెడ బాగున్నట్టే. సందు మరీ ఎక్కువుంటే, మెడలో దాచిన ఇనుపకడ్డీని తాళంచెవితో బిగించి సరిచేస్తారు. ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పరాదు. చాలా చవక గిటార్లలో ఈ కడ్డీ ఉండదు, ఉన్నా తిరగదు.

మెడ తిన్నగానే ఉండి, తీగలు మాత్రం ఎత్తుగా ఉంటే వైద్యం సులువు. బ్రిడ్జి మీద తీగలను మోసే ఒక సన్నని ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాని అడుగు భాగాన్ని ఉప్పుకాగితం మీద రుద్ది తగ్గించాలి. ఎంత? ఇక్కడ మీ రేఖాగణితం పనికివస్తుంది. పన్నెండవ మెట్టు తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది. 650 మిల్లీమీటర్ల తీగకు అది 325 దగ్గర వస్తుంది. కనుక అక్కడ ఒక మిల్లీమీటరు ఎత్తు తగ్గాలంటే బ్రిడ్జి దగ్గర రెండు మిల్లీమీటర్లు తగ్గించాలి. సరూప త్రిభుజాల లెక్క ఇదే. కొద్దికొద్దిగా రుద్ది, మళ్ళీ మళ్ళీ తీగ బిగించి చూసుకోవాలి. మరీ తగ్గిపోతే తీగలు మెట్లకు తగిలి జరజరలాడతాయి. చేయి తిరిగినవారు ప్లాస్టిక్ పట్టీని తీసేసి పశువుల ఎముకతో కొత్త పట్టీ చెక్కుతారు. ఖర్చు స్వల్పం, నాదంలో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది.

లేచిన బ్రిడ్జి సంగతి వేరు. దాని కింద కాగితం దూరిందంటే జిగురు వదిలిందన్నమాట. కొందరు వడ్రంగులు అక్కడ రెండు మేకులు దిగ్గొట్టి పని అయిందంటారు. కొన్నాళ్ళకు మేకుల చుట్టూ పలక చీలుతుంది. బ్రిడ్జిని మెల్లగా వేడిచేసి ఊడదీసి, పాత జిగురు పూర్తిగా గీకి, కొత్త జిగురు రాసి, ఒక రోజంతా బిగించి ఉంచడమే సరైన పద్ధతి. పాతకాలపు పనివారు ఎముకల నుంచి, తోలు నుంచి తీసిన సరేసు జిగురు వాడేవారు. వేడి తగిలితే అది తిరిగి విడిపోతుంది. మరొకరు ఎప్పుడో మళ్ళీ బాగుచేయవలసి వస్తుందని తెలిసి చేసిన పని అది. మన వీణలోనూ ఈ ముందుచూపే ఉంది. వీణకు 24 మెట్లను తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన ముద్ద మీద నిలుపుతారు. ఆ మైనం ఎండలకు మెత్తబడి స్వరస్థానాలు చెదిరితే, దాన్ని కరిగించి మేళం మళ్ళీ కడతారు.

తీగలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. కొన్ని గిటార్లు నైలాన్ తీగల కోసం చేసినవి. నైలాన్ తీగల లాగుడు ఉక్కు తీగలలో దాదాపు సగమే. ఈ తేడా తెలియక ఉక్కు తీగలు బిగిస్తే బ్రిడ్జి పెకలి వస్తుంది. మెడ వెడల్పుగా ఉండి, తీగలను బ్రిడ్జికి ముడి వేసే ఏర్పాటు ఉంటే అది నైలాన్ గిటారు.

మరి మెడ బాగా వంగి, సరిచేసే ఖర్చు గిటారు ధరను మించిపోతే? అప్పుడు మరమ్మతు మాని మార్పు చేయాలి. మెడ చివరి పట్టీని ఎత్తుచేసి, తీగలను ఇంకా పైకి లేపి, శ్రుతి కొంత తగ్గించి, గిటారును ఒడిలో పడుకోబెట్టి ఉక్కు కడ్డీని తీగల మీద జార్చి వాయించవచ్చు. హవాయి దీవుల పద్ధతి ఇది. మెట్లతో పని ఉండదు, గమకాలు నిరాటంకంగా పలుకుతాయి. మన గోటువాద్యం మెట్లు లేకుండా పలికేది ఇలాగే. బ్రిజ్‌భూషణ్ కాబ్రా ఈ గిటారు మీద హిందుస్తానీ రాగాలు వాయించి పేరుపొందాడు. విశ్వమోహన్ భట్ గిటారుకు అదనపు తంత్రులు, బిరడలు చేర్చి మోహనవీణగా మలిచాడు. 1994లో ఆయనకు గ్రామీ బహుమానం లభించింది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చేసిన మార్పు దీనికి ఎదురు దారిలో సాగింది. జంటజంటలుగా ఎనిమిది తీగలుండే మాండొలిన్‌కు ఆయన ఐదు ఒంటి తీగలే ఉంచి, విద్యుత్తు సాయంతో నాదం నిలిచేలా చేసుకొని, 2014లో కన్నుమూసేవరకు దాని మీద కర్ణాటక సంగీతం వినిపించాడు.

మన రాష్ట్రంలోనే సాంగ్లీ జిల్లా మిరజ్‌లో సితార్లు, తంబురాలు చేసే కుటుంబాలున్నాయి. ఒకప్పుడు ఆయుధాలకు పదును పెట్టిన శికల్‌గార్ల వంశీయులు వారు. పెద్ద పని వస్తే అటువంటి చేతులకే అప్పగించాలి. దుమ్ము దులపడం, బిరడలకు చుక్క నూనె వేయడం, పట్టీ రుద్దడం, తీగలు మార్చడం మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు. కొత్త తీగలు నాలుగైదు రోజులు సాగుతూ శ్రుతి దిగుతుంటాయి. రోజూ సరిచేస్తూ ఉండాలి. ఎండాకాలంలో గిటారును రేకుల కప్పు కింద ఉంచరాదు. కూలర్ గాలికి ఎదురుగా అసలే ఉంచరాదు. తీగలు రెండు చుట్లు వదులుచేసి, గుడ్డ చుట్టి, లోపలి గోడవారగా నిలబెడితే చాలు.