కథ చదివి ఊరుకోని పాటలు

పిల్లలూ! మీలో చాలామంది హ్యారీ పాటర్ పుస్తకాలు చదివే ఉంటారు. ఎన్ని ఊళ్ళు మారినా మా బడి గ్రంథాలయాల్లో అట్టలు చిరిగి, ప్లాస్టర్ అంటించి ఉన్న పుస్తకాలేవని చూస్తే ముందుగా అవే కనబడతాయి. ఆ కథలు చదివినవాళ్ళు వాటి మీద సొంతంగా పాటలు కట్టుకుని, జట్లుగా చేరి ఊరూరా పాడారన్న సంగతి మాత్రం మీలో కొద్దిమందికే తెలిసి ఉంటుంది. ఆ పాటలకు 'విజార్డ్ రాక్' అని పేరు. విజార్డ్ అంటే మాంత్రికుడు. రాక్ అంటే గిటారు, డ్రమ్ములతో హోరుగా పాడే పాశ్చాత్య సంగీతం.

ఇది మొదలైన తీరు తమాషాగా ఉంటుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్‌వుడ్ అనే ఊళ్ళో పాల్ డిజార్జ్, జో డిజార్జ్ అనే అన్నదమ్ములు ఉన్నారు. 2002 ఏప్రిల్‌లో వాళ్ళ పెరటి షెడ్డులో ఓ చిన్న కచేరీ పెట్టుకున్నారు. పాడడానికి ఒప్పుకున్న జట్లు తీరా ఆ రోజు రాలేదు. వచ్చిన కొద్దిపాటి స్నేహితులను ఊరికే పంపలేక అన్నదమ్ములిద్దరూ కూర్చుని గబగబా కొన్ని పాటలు కట్టేశారు. ఏ విషయం మీద కట్టాలన్న ఆలోచనే లేదు, ఇద్దరికీ ఇష్టమైన పుస్తకం ఉండనే ఉంది. ఆ జట్టుకు 'హ్యారీ అండ్ ద పాటర్స్' అని పేరు పెట్టుకున్నారు.

వేదికపై అన్నదమ్ములిద్దరూ హ్యారీలే. అన్న ఏడో సంవత్సరం చదివే హ్యారీ, తమ్ముడు నాలుగో సంవత్సరం చదివే హ్యారీ. ఇద్దరికీ తెల్లచొక్కా, ఎరుపూ పసుపూ చారల టై.  వాళ్ళు గ్రంథాలయాలకు వెళ్ళి, పుస్తకాల అరల మధ్య పిల్లలను కూర్చోబెట్టుకుని పాడారు. నిశ్శబ్దంగా ఉండాలని గోడకు రాసి ఉండే చోట డ్రమ్ములు మోగితే ఆ పిల్లలకు ఎంత సరదాగా ఉండి ఉంటుందో ఊహించుకోండి!

వాళ్ళను చూసి మరికొన్ని జట్లు పుట్టాయి. హ్యారీని ఏడిపించే డ్రేకో పక్షాన 'డ్రేకో అండ్ ద మాల్ఫోయ్స్' వచ్చింది. స్నానాల గదిలో ఏడుస్తూ తిరిగే దయ్యం పిల్ల పేరు మీద ఇద్దరు అమ్మాయిలు 'ద మోనింగ్ మర్టిల్స్' పెట్టారు. దగ్గరికొచ్చిన వాళ్ళను కొమ్మలతో బాదే విల్లో చెట్టు పేరు మీద 'ద వాంపింగ్ విల్లోస్' వచ్చింది. అంటే, ఓ మనిషి చెట్టు తరఫున పాడతాడన్నమాట!

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. కథ మొత్తం హ్యారీ చుట్టూ తిరుగుతుంది. చెట్టు మనసులో ఏముందో, ఆ దయ్యం పిల్లకు ఏం తోచిందో రచయిత్రి కొంతే చెప్పి వదిలేశారు. ఆ ఖాళీలోంచే పాట పుట్టింది.

ఇది మన తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. మన ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా పాడుకున్న రామాయణపు పాటల్లో 'ఊర్మిళాదేవి నిద్ర' అని ఒకటుంది. రాముడి వెంట లక్ష్మణుడు అడవికి వెళ్ళిపోయాడు. మరి లక్ష్మణుడి భార్య ఊర్మిళ ఏమైంది? ఆమె పద్నాలుగేళ్ళూ నిద్రలోనే ఉండిపోయిందని ఆ పాట చెబుతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే, ఎవరో పరాయి మనిషి గదిలోకి వచ్చాడనుకుని ఆమె కోప్పడుతుంది. పెద్ద కథ పక్కకు పెట్టిన మనిషిని ఆ తల్లులు పాటలోకి తెచ్చుకున్నారు.

మేము ఓ ఊళ్ళో ఏడో తరగతికి ఈ పాట సంగతి చెబుతున్నప్పుడు, నవంబరులో కొత్తగా చేరిన ఓ అమ్మాయి చెయ్యెత్తింది. అప్పటికి మూడు వారాలైనా ఆ పిల్ల హాజరు పలకడం తప్ప నోరు విప్పలేదు. "మేడమ్, వెళ్ళిపోయినవాళ్ళు ఎలా ఉన్నారనే అందరూ అడుగుతారు. అక్కడే ఉండిపోయినవాళ్ళని ఎవరూ అడగరు కదా?" అంది. పాత బడిలో తనకో స్నేహితురాలు ఉండేదట. ఇద్దరూ ఒకే పుస్తకాన్ని వంతులేసుకుని చదివేవారట. నాలుగో భాగం సగంలో ఉండగా నాన్నగారికి బదిలీ అయింది. పుస్తకం అక్కడే ఉండిపోయింది.

అప్పుడు మేము తరగతికి ఈ విజార్డ్ రాక్ సంగతి చెప్పి, మీకు నచ్చిన కథలో ఎవరూ పట్టించుకోని పాత్ర ఒకదాన్ని ఎంచుకుని పాట కట్టండి అన్నాం. ఆ అమ్మాయి హ్యారీ పెంచుకునే తెల్లగుడ్లగూబ హెడ్విగ్‌ను ఎంచుకుంది. ఉత్తరాలు మోసే పక్షి అది. లోపల ఏం రాసి ఉందో తెలియకుండానే వానలో తడుస్తూ మోసుకెళ్తుంది. ఇటు రాసినవాళ్ళ ముఖమూ, అటు అందుకున్నవాళ్ళ ముఖమూ రెండూ చూసేది అదొక్కటే. పాట ఆ మాట మీదే నడిచింది. వరుస జోలపాటలా ఉంది. పల్లవి రెండోసారి వచ్చేసరికి తరగతంతా బల్లల మీద తాళం వేస్తోంది. ఆ పాటను కాగితం మీద రాసి పాత స్నేహితురాలికి పోస్టులో పంపింది.

మీరూ కట్టొచ్చు. పెద్ద వాయిద్యాలేమీ అక్కర్లేదు. ముందు ఓ పాత్రను ఎంచుకోండి. 'అతడు' అనకుండా 'నేను' అని మొదలుపెట్టండి. ఆ పాత్ర ఎవరికీ చెప్పుకోని ఒక్క సంగతిని పల్లవి చేయండి. అది చిన్నదిగా ఉండాలి, ఒకసారి వినగానే పక్కవాడు అందుకోగలగాలి. జరిగిన కథను చరణాల్లో చెప్పండి. పుస్తకంలోని వాక్యాలు ఎత్తిరాయకండి. కథ రచయితది, మాటలూ వరుసా మాత్రం మీవై ఉండాలి.

కథలను ఇష్టపడేవాళ్ళు కలిస్తే పాటలతోనే ఆగిపోరు. 2005లో అమెరికాలోనే హ్యారీ పాటర్ అలయన్స్ అనే సంస్థ పుట్టింది. దాని వెనుక ఈ పాటల జట్ల అండ ఉంది. 2010లో హైతీ దేశంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఈ అభిమానులు 1,23,000 డాలర్లకు పైగా పోగుచేశారు. ఆ డబ్బుతో ఐదు విమానాల్లో సహాయ సామగ్రి అక్కడికి చేరింది. పుస్తకంలో హ్యారీ మంచి కోసం నిలబడ్డాడని చదివినవాళ్ళు, మనమెందుకు నిలబడకూడదు అనుకున్నారు.

ఆ మార్చిలో బదిలీ ఉత్తర్వు మాకే వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి ఉండిపోయింది, మేము బయలుదేరాం. చివరి రోజు పిల్లలు ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. గుడ్లగూబ పాట పాడారు. తాళం కాస్త తప్పింది, రెండో చరణం ఎవరికీ పూర్తిగా గుర్తులేదు. అయినా ఆ తరువాత వెళ్ళిన ప్రతి బడిలో మొదటి వారం మేము పిల్లలకు నేర్పే పాట అదే. సామాను లారీలో ఎన్ని పగిలినా, ఎన్ని పోయినా, అది మాత్రం భద్రంగా వచ్చింది.

మీ పాత బడి నుంచి మీతో వచ్చిన పాట ఏది? రేపు మీ పక్క బల్ల మీద కూర్చున్న కొత్త పిల్లవాడిని కూడా ఈ మాట అడగండి.