బలపం గీతకు రంగు ఒకటే, మరి అంకెలకో?

మార్కాపురం పలక మీద 'అ' రాసినా, 'క్ష' రాసినా, 5 రాసినా పడేది బలపం గీతే. నల్లని రాయి మీద తెల్లని గీత. కంభం, మార్కాపురం నేలల్లో పొరలు పొరలుగా దొరికే ఆ రాతిని పలచగా చీల్చి, చెక్క ఫ్రేము బిగించి, దేశంలోని ఎన్నో బడులకు పంపేవారు. వాటి మీద ఓనమాలు దిద్దిన వారికి అక్షరాలకు రంగులుంటాయని ఏ పంతులుగారూ చెప్పి ఉండరు.

అయినా కొందరికి ఉంటాయి! 5 చూడగానే ఒకరికి ఎరుపు, మరొకరికి నీలం స్ఫురిస్తుంది. రాసింది తెల్లగానే ఉందని వారికీ తెలుసు. కానీ ఆ రంగు పిలవకుండానే వస్తుంది, పొమ్మన్నా పోదు. దీని పేరు సినస్తీషియా. గ్రీకులో 'కలిసిన అనుభూతి' అని అర్థం. ఇది జబ్బు కాదు. 1812లోనే జార్జ్ సాక్స్ అనే వైద్యుడు తనకు అక్షరాలు, అంకెలు రంగుల్లో తోస్తాయని రాశాడు. బ్రిటన్‌లో జరిపిన ఒక పరిశీలన 2006లో వెలువడింది. దాని ప్రకారం ఇలాంటివారు సుమారు నూటికి ఒకరు.

"నా 7 పసుపుపచ్చ" అని తరగతిలో ఎవరైనా అంటే మనమేం చేస్తాం? నవ్వుతాం. ఆ పిల్ల మళ్ళీ ఆ మాట ఎత్తదు. ఆమె చెప్పేది కోతలో, నిజమో తేల్చేదెలా? ఆమె మనసులోకి మనం తొంగి చూడలేం కదా!

శాస్త్రజ్ఞులకు ఉపాయం తట్టింది. అక్షరాల రంగులన్నీ అడిగి రాసుకుంటారు. కొన్ని నెలల తర్వాత, చెప్పకుండా మళ్ళీ అడుగుతారు. ఊహించి చెప్పినవారు తడబడతారు. నిజంగా తోచేవారు దాదాపు అవే రంగులు చెబుతారు.

ఇంకో పరీక్ష మరీ చమత్కారమైనది. తమిళనాడులో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ దీన్ని 2001లో ప్రకటించారు. కాగితం నిండా నల్లని 5లు. వాటి నడుమ కొన్ని 2లు త్రిభుజం వంటి ఆకారంలో అమర్చారు. కోణాలతో గీసినప్పుడు 5, 2 అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి కనుక మామూలు కళ్ళకు ఆ ఆకారం త్వరగా దొరకదు. రంగులు తోచేవారు దాన్ని ఇతరుల కంటే బాగా పట్టుకున్నారు. కోతలు కోసేవాడికి ఈ లాభం ఎక్కడిది? అయితే అందరికీ ఇది అంత తేలిక కాదని తర్వాతి ప్రయోగాలు చూపాయి.

కారణం? మెదడు అడుగుభాగంలో అంకెల రూపాన్ని గుర్తించే చోటు, రంగును గుర్తించే చోటు ఇరుగుపొరుగే. ఒకటి మేలుకుంటే రెండోది కూడా మేలుకుంటుందని రామచంద్రన్ ఊహ. దీనిపై వాదన ఇంకా తెగలేదు. కుటుంబాల్లో వస్తుంది కనుక పుట్టుకకు పాత్ర ఉంది. కానీ ఏ అక్షరానికి ఏ రంగు అన్నదానిలో బాల్యానికీ వాటా ఉండవచ్చు. 2013లో ప్రకటించిన పరిశోధనలో 11 మంది అమెరికన్ల రంగులు, చిన్నప్పుడు చాలామంది ఆడుకున్న అయస్కాంతపు అక్షరాల రంగులతో సరిపోయాయి. పలక మీద దిద్దినవారికి ఆ వీలు లేదు. మరి వారి రంగులు ఎక్కడివి?

రామచంద్రన్ పరీక్షించిన వారికి 5 రంగుగా తోచినా, రోమన్ V మాత్రం రంగు చూపలేదు. ఇంట్లో పాత పలక ఉంటే 5 రాసి, పక్కనే తెలుగు ౫ రాసి మీ స్నేహితులకు చూపండి. ఎవరైనా రంగులు చెబితే కాగితం మీద రాసి దాచండి. మూడు నెలలయ్యాక మళ్ళీ అడగండి.