గాలి తుపాకి: వాడుక, జాగ్రత్త

పాతబడిన సోఫాకు కొత్త గుడ్డ వేయింపవలెనని తలచినప్పుడు, పనివారు రెండు సామానులు వెంట తెచ్చుట మనలో పలువురము చూచియే యుందుము. ఒకటి గాలిని నొక్కి నిలువచేయు కంప్రెసరు. రెండవది పిడికిలిలో ఇమిడెడి పిన్నుల తుపాకి. మీట నొక్కిన ప్రతిసారియు టప్పుమని ఒక పిన్ను చెక్కలో దిగిపోవును. గంటలకొలది సాగు పని నిమిషములలో ముగియును. చూచుటకు ఇది ఆటవస్తువువలె నుండును. కాని ఆటవస్తువు కాదు. దీని లోపల జరుగునదేమి, ప్రమాదము ఎచ్చట పుట్టును, దీనిని చిరకాలము మన్నునట్లు కాపాడుట ఎట్లు అను మూడు సంగతులను ఇచ్చట విచారింతము.

పూర్వము ఈ పని చిన్న సుత్తితో సాగెడిది. ఐరోపా, అమెరికా దేశములలో సోఫాలు కట్టువారు చిన్న మేకులను నోటిలో ఉంచుకొని, ఒక్కొక్కదానిని నాలుకతో పెదవుల మధ్యకు తెచ్చి, అయస్కాంతము గల సుత్తిమొనకు అంటించి కొట్టెడివారు. సుత్తిదెబ్బకు బలము చేతినుండి రావలెను. చేయి లేచుట కంటికి కనబడును. పక్కనున్నవాడు తప్పుకొనుటకు వ్యవధి యుండును. గాలి తుపాకిలో అట్లు కాదు. దెబ్బకు కావలసిన బలమంతయు ముందుగనే లోపల సిద్ధముగా నుండును. వేలికొన కదలుటయే తరువాయి. మనము చెప్పుకొనబోవు జాగ్రత్తలలో పెక్కింటికి ఈ భేదమే మూలము.

వేడి మారకుండ గాలిని సగము చోటులోనికి నొక్కినచో దాని పీడనము రెట్టింపగునని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రము బడిపిల్లలకును తెలియును. కంప్రెసరు చేయుపని అదియే. సోఫా పనికి వాడు తుపాకులు సాధారణముగా చదరపు సెంటీమీటరుకు 4 నుండి 7 కిలోల పీడనముతో నడచును. పౌండ్ల గేజిమీద ఇది చదరపు అంగుళమునకు సుమారు 60 నుండి 100. మీట నొక్కగనే లోపలి కవాటము తెరచుకొని, గాలి ఒక్కుమ్మడిగా పిస్టనుమీద పడును. పిస్టనుకు బిగించిన ఉక్కుపలక కిందికి దూసికొనివచ్చి, వరుసలో ముందున్న పిన్నును కొట్టి చెక్కలోనికి దింపును. మీట విడచినంతనే పిస్టను మరల పైకి పోవును. పిస్టను వెడల్పు రెండున్నర సెంటీమీటర్లనుకొన్నచో దాని వైశాల్యము ఇంచుమించు 5 చదరపు సెంటీమీటర్లు. ఆరు కిలోల పీడనమున దానిపై పడు బలము 30 కిలోలు. ఈ బలమంతయు పిన్నుయొక్క రెండు సన్నని మొనలమీదికి వచ్చును. గట్టి టేకులోనికి దిగు పిన్నుకు మన వేలు ఒక అడ్డు కాదు.

ఇక ప్రమాదముల సంగతి. కంప్రెసరు మోటారును ఆపివేసినంతమాత్రమున తుపాకి నిర్జీవమైనదని తలచుట పెద్ద పొరపాటు. మోటారు ఆగినను తొట్టిలో గాలి నిలిచియే యుండును. గొట్టము తగిలియున్నంతవరకు తుపాకి కొట్టుటకు సిద్ధముగనే యుండును. పిన్ను అడ్డుపడినప్పుడు ముక్కుభాగము తెరచి వేలితోనో, మేకుతోనో పెకలించుట పనివారికి అలవాటు. ఆ సమయమున మీటకు చేయి తగిలినచో వేలే పోవును. కావున అడ్డుపడిన పిన్ను తీయుటకు గాని, కొత్త పిన్నులు నింపుటకు గాని, నూనె వేయుటకు గాని, ఒకరి చేతినుండి మరియొకరికి అందించుటకు గాని మొదట గొట్టము ఊడదీయవలెను. ఈ ఒక్క నియమము పాటించినచో పెక్కు ప్రమాదములు తప్పును.

గొట్టము ఊడదీయుటలోను ఒక మెలకువ కలదు. గాలిని మూసివేయు కవాటము గల కప్లింగు గొట్టమువైపు ఉండవలెను. తుపాకివైపు బోలుగానున్న మొన మాత్రమే ఉండవలెను. అప్పుడు గొట్టము తీయగనే తుపాకిలోని గాలి బయటికి పోవును. ఇది తారుమారైనచో, గొట్టము తీసిన పిమ్మటను తుపాకిలో ఒక దెబ్బకు సరిపడు గాలి దాగియుండును. తీసిన తరువాత తుపాకి ముక్కును ఒక వృథా చెక్కకు ఆనించి, మీటను ఒకసారి నొక్కి చూచుట మంచిది.

పని లేనప్పుడు వేలు మీటమీద ఉంచరాదు. ఒకచోటినుండి మరియొకచోటికి నడచునప్పుడు తుపాకిని పిడిపట్టి తీసికొనిపోవలెనే గాని, గొట్టముపట్టి ఈడ్వరాదు. చదరపు అంగుళమునకు 100 పౌండ్లు మించిన పీడనముతో, పిన్నులు తమంతట తామే ముందుకు జరుగునట్లు పనిచేయు తుపాకులకు, ముక్కు చెక్కకు ఆనిననే తప్ప పిన్ను వెలువడని రక్షణ యుండవలెనని అమెరికా దేశపు నిర్మాణ కార్మిక నిబంధనలు శాసించుచున్నవి. చిన్న సోఫా తుపాకులలో అనేకమునకు ఈ రక్షణ యుండదు. అట్టిచో పనివాని వేలే రక్షణ కావలెను. ఉన్న రక్షణను తీగతో కట్టివేయుట ఏమాత్రము తగదు.

కంటికి కలుగు ముప్పును తేలికగా ఎంచరాదు. పాత సోఫా చట్రములలో తుప్పుపట్టిన మేకులు, పాత పిన్నులు దాగియుండును. కొత్త పిన్ను వానికి తగిలి ఎగిరివచ్చును. కావున కొత్త గుడ్డ వేయుటకు ముందు పాత ఇనుమును పెకలించి, చట్రమును చేతితో తడవి చూచుకొనవలెను. కంటి అద్దాలు, ప్రక్కలు మూసినవి, తప్పక ధరింపవలెను. గుడ్డను లాగిపట్టు ఎడమచేయి పిన్ను దిగు దారికి దూరముగా నుండవలెను. చెక్క పలుచనిదైనచో పిన్ను అవతలికి వచ్చును గనుక చేయి అడుగున ఉంచరాదు. దినమంతయు పనిచేయువారు చెవులకును రక్షణ కల్పించుకొనుట మేలు.

తుపాకికి గాలి తప్ప మరియొక వాయువును ఇయ్యరాదు. కంప్రెసరు చెడినదని ప్రాణవాయువు సిలిండరును గాని, వంటగ్యాసును గాని తగిలించినచో తుపాకి పేలిపోవు ప్రమాదము కలదు. ప్రాణవాయువు నూనెతో కలిసినప్పుడు నిప్పురవ్వ లేకయే మండగలదు. అట్లే, బట్టలమీది దుమ్ము దులుపుటకు గాలిగొట్టమును శరీరముమీదికి త్రిప్పుట, పరిహాసముగా తోటివానిమీదికి వదలుట ప్రాణాపాయకరము. నొక్కిన గాలి గాయముద్వారా చర్మము కిందికి చొరగలదు. శరీరములోనికి పోయినచో అవయవములను చీల్చగలదు.

ఇప్పుడు సంరక్షణ. గాలి తుపాకికి మొదటి శత్రువు నీరు. గాలిని ఎనిమిదవ వంతు చోటులోనికి నొక్కి చల్లార్చినప్పుడు, అందలి తేమలో అధికభాగము ఆవిరిగా నిలువజాలక నీరై తొట్టి అడుగున చేరును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీర పట్టణములలో ఈ నీరు మరింత ఎక్కువ. దానిని దినదినము అడుగు కుళాయి విప్పి వదలవలెను. లేనిచో తొట్టి లోపలినుండి తుప్పుపట్టి గోడ పలుచనగును. పలుచబడిన తొట్టికి అతుకువేయించి వాడుట మృత్యువును ఇంట ఉంచుకొనుటయే. పీడనము మించినప్పుడు గాలిని వదలు రక్షక కవాటమును ఎన్నడును బిగించివేయరాదు.

తుపాకికి ప్రతి ఉదయము, ఎక్కువ పని యున్న దినమున మధ్యాహ్నమును, గాలి లోనికి పోవు రంధ్రమున రెండు మూడు చుక్కలు ఇందుకై ప్రత్యేకించిన పలుచని నూనె వేయవలెను. మోటారు ఇంజనునూనె, గ్రీజు పనికిరావు. పెట్రోలు, తిన్నరు లోపలి రబ్బరు రింగులను చెరచును; అగ్నిభయమును కలదు. నూనె వలదని తయారుచేసినవారు చెప్పిన తుపాకులును కొన్ని గలవు గనుక, వారిచ్చిన కాగితమును చదివిన పిమ్మటనే నూనె వేయుట యుక్తము.

పిన్నులు పూర్తిగా దిగక తలలు పైకి నిలిచినప్పుడు, పనివారు వెంటనే పీడనము పెంచుదురు. ఇది రోగమును కప్పిపుచ్చుటయే. ఉక్కుపలక మొన అరిగియుండవచ్చును; రబ్బరు రింగు చిరిగి గాలి కారుచుండవచ్చును; పిన్ను కొలత తుపాకికి సరిపడక పోవచ్చును. గొట్టపు అతుకులకు సబ్బునీరు పూసినచో బుడగలు కారుపోతును చూపును. తుపాకి పైభాగమున గాలి కారినచో తలకవాటపు రింగును, మీటవద్ద కారినచో మీటకవాటపు రింగును చూడవలెను. దోషము తీర్చిన పిమ్మట, పిన్ను చెక్కతో సమముగా దిగుటకు చాలిన కనిష్ఠ పీడనమునే ఉంచవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ప్రమాదము జరుగవచ్చును. పిన్ను కంటికి తగిలినచో దానిని లాగరాదు, కన్ను నులుమరాదు. కంటిమీద ఒత్తిడి పడకుండ ఒక చిన్న గిన్నెను కప్పి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఎముకలో గాని, కీలులో గాని లోతుగా దిగిన పిన్నును వైద్యుడే తీయవలెను. ధనుర్వాతపు సూదిమందు సంగతి వైద్యునితో తప్పక చెప్పవలెను.

గృహస్థులు చేయదగిన సాయమును కొంత కలదు. పనివారికి పొడిగానున్న చోటు చూపవలెను. భూమితీగ గల మూడుకాళ్ల ప్లగ్గు ఇయ్యవలెను. పిల్లలను ఆ గదిలోనికి రానీయరాదు. పండుగ వచ్చుచున్నదని తొందరపెట్టరాదు. వారు భోజనమునకు లేచునప్పుడు గొట్టము ఊడదీసిరా యని ఒక మాట అడుగుట తప్పు కాదు. సాయంకాలము పని ముగియగనే మోటారు ఆపి, గొట్టము తీసి, తొట్టిలోని గాలిని, నీటిని వదలి, తుపాకిని పొడిగుడ్డతో తుడిచి, పిన్నులు తీసివేసి, పిల్లలకు అందని పెట్టెలో భద్రపరచవలెను.