పాత కారు జాతకము

తాళపత్రమును శుభ్రపరచు ఉత్సాహములో అక్షరములనే తుడిచివేసినచో మిగులునది వట్టి ఆకు. అమెరికాలో 1960 దశకమున వెలువడిన 'మజిల్ కార్ల'ను పునరుద్ధరించువారికి గల భయము ఇట్టిదే. మధ్యతరగతివారు కొనదగిన కారులో మిక్కిలి బలమైన ఇంజనును అమర్చినచో అది మజిల్ కారు. నేడు సేకరణకర్తలు వీనిని ఎక్కువ ధరలకు కొనుచున్నారు. అసలుదానికిని, అసలు వలె అలంకరించినదానికిని ధరలో గొప్ప అంతరము కలదు. కావున కారును విప్పుటకు ముందే దాని పుట్టుకను నిర్ణయింపవలెను. ఆ విధానమును 1969 నాటి షెవ్రొలే కమారో జెడ్-28 ఉదాహరణముగా పరిశీలింతము.

ఆ సంవత్సరపు కమారోలు 2,43,085. అందు జెడ్-28 లు 20,302 మాత్రమే. అనగా పన్నెండింట ఒకటి. మిగిలిన పదునొకండింటిలో దేనికైనను చారలు గీసి, బిళ్లలు తగిలించి జెడ్-28 అని అమ్మజూపుట కష్టము కాదు.

ముందు అద్దము క్రింద, ఎడమవైపున, ఒక చిన్న రేకుపై 13 అక్షరాంకెలు ఉండును. మొదటి 1 షెవ్రొలేకు గుర్తు. 24 అనగా ఎనిమిది సిలిండర్ల కమారో. 37 కప్పు గల రెండు తలుపుల కారు. 9 నమూనా సంవత్సరము. పిమ్మట 'ఎన్' ఉన్నచో ఒహాయోలోని నార్‌వుడ్, 'ఎల్' ఉన్నచో కాలిఫోర్నియాలోని వాన్ నైస్ కర్మాగారము. తుది ఆరంకెలు వరుస సంఖ్య. జెడ్-28 అన్నది కొనువారు అదనముగా కోరుకొన్న అమరిక యగుటచే దాని ప్రసక్తి ఈ సంఖ్యలో లేదు. అయినను 24 కు బదులు 23 ఉన్నచో అది ఆరు సిలిండర్ల కారు. విచారణ అక్కడితో ముగిసినట్లే.

తరువాత ఇంజను. దాని ముందు భాగమున, కుడివైపున, 'వి 0115 డీజెడ్' వంటి ముద్ర ఉండును. 'వి' ఫ్లింట్ కర్మాగారము. 0115 జనవరి 15. 'డీజెడ్' జెడ్-28 కు ప్రత్యేకించిన 302 ఘనపుటంగుళముల ఇంజను. కారు వరుస సంఖ్య కూడ ఇంజనుపై ముద్రింపబడి ఉండును. ఇనుప దిమ్మను పోతపోసిన తేదీ వేరుగా కనబడును. అందు 'ఏ' జనవరి, 'బి' ఫిబ్రవరి. ముందు పోత, పిదప ఇంజను కూర్పు, ఆ పిదప కారు: ఈ క్రమము తప్పరాదు. కారు తరువాత పుట్టిన ఇంజను ఆ కారుది కాజాలదు.

హీటరు పెట్టె క్రింద, ఇంజను వెనుక గల రేకుగోడపై, అదే వరుస సంఖ్య మరల దాగి ఉండును. రెండును సరిపోలవలెను. సంఖ్యలను చెరుపుట, మార్చుట అక్కడి కేంద్ర చట్టము ననుసరించి నేరము. ఇక సామగ్రి: జెడ్-28 కు నాలుగు గేర్లను చేతితో మార్చు ఏర్పాటును, ముందు చక్రములకు డిస్కు బ్రేకులును ఉండును. ఆటోమేటిక్ గేరు గాని, శీతల యంత్రము గాని కర్మాగారమున అమర్పబడలేదు.

ఒక్కొక్కప్పుడు ఇంధనపు ట్యాంకుపై నలిగిన కాగితమొకటి దొరకును. ఏ కారుకు ఏమేమి బిగింపవలెనో పనివారికి తెలిపిన పత్రమది. దానిని 'బ్రాడ్‌కాస్ట్ షీట్' అనుటయు కలదు. మా వృత్తిపదము అక్కడ వినబడుట మాకు ముచ్చటగా తోచినది. చిరిగినను అది అమూల్యమే.

ఈ సాక్ష్యములలో పెక్కు ఒకేసారి లభించును. ఇంజను పైముఖమును సానపట్టినచో ముద్ర పోవును. ట్యాంకును కడిగినచో కాగితము పోవును. కావున మొదట ఫొటోలు, వ్రాతలు; పిదపనే పనిముట్లు. పరీక్షలో కారు సామాన్యమైన కమారో అని తేలినను చింతింప పని లేదు. దానిని దాని పేరుతోనే బాగుచేసి, ఆ ఫొటోలను కారుతోపాటు తరువాతి యజమానికి అప్పగించిన చాలును.